సావిత్రి అంటే ఏడుపు సినిమాలేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత తెలుగు సినిమాలు వేసి, చూశాక వాటి గురించి మాట్లాడుకునే క్లాసులు నడుపుతుంటాను. సావిత్రి సినిమా అని గ్రూపులో పెట్టగానే ఫోన్లు మొదలవుతాయి. అడిగేది ఒకటే: "మేడమ్, బాగా ఏడిపిస్తుందా?"

అపోహ: సావిత్రి అంటే కన్నీళ్ళు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. 2018లో 'మహానటి' వచ్చాక సావిత్రి పేరు ఈ తరానికీ తెలిసింది, సంతోషం. కానీ చాలామంది ఆమె జీవితకథ దగ్గరే ఆగిపోయారు. ఆమె పడ్డ కష్టాలన్నీ చెప్పగలరు, ఆమె సినిమా ఒక్కటీ మొదట్నుంచి చివరిదాకా చూసి ఉండరు.

'మిస్సమ్మ' (1955) చూడండి. ఉద్యోగం కోసం ముక్కూమొహం తెలియని మనిషికి భార్యగా నటించాల్సి వచ్చిన మేరీకి సినిమా అంతా ముక్కుమీద కోపమే. జమీందారు కూతురు జమునకు ఎన్టీఆర్ సంగీతం నేర్పుతుంటే ఆ కోపం కాస్తా అసూయగా మారుతుంది. అది ప్రేమేనని ఆమె తప్ప హాల్లో అందరూ కనిపెట్టేస్తారు. అసలు మేరీ పాత్ర భానుమతిది. కొంత షూటింగ్ అయ్యాక ఆమె తప్పుకుంటే, రెండో నాయికగా ఉన్న సావిత్రికి వచ్చింది. సావిత్రి వేయాల్సిన వేషం జమున వేసింది.

ఇక 'మాయాబజార్' (1957). అందులో ఆమె శశిరేఖ మాత్రమే కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కూడా. అంటే ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావుని సావిత్రి నటించాలి! 'అహ నా పెళ్ళియంట' పాటలో ఆడపిల్లలా కులుకుతూ కులుకుతూనే రాక్షసుడి ఠీవి ఒంట్లోకి తెచ్చేసుకుంటుంది. సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వచ్చే చోట ఆమె భుజాలు, నడక గమనించండి. అదే చీర, అవే నగలు, మనిషి మాత్రం వేరు. ట్రిక్ షాట్ అక్కర్లేకుండా చేసిన మాయ అది.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి ఈ సినిమాకి వచ్చి తలుపు పక్క కుర్చీ అడిగింది. "మా అమ్మమ్మ సావిత్రి పేరెత్తితేనే కళ్ళు తుడుచుకుంటుంది మేడమ్. ఇంట్లో నాన్నకి బాగోలేదు, ఆఫీసులో టెన్షన్. ఏడుపొస్తే లేచి వెళ్ళిపోతా" అంది. అలాంటివాళ్ళని నేనెప్పుడూ తప్పుపట్టను, ఉన్న బరువు చాలదా వాళ్ళకి? ఆ అమ్మాయి ఆ పాటకి పక్కావిడ మోచెయ్యి పట్టుకుని మరీ నవ్వింది. తర్వాతి వారం అమ్మమ్మని వెంటబెట్టుకొచ్చింది.

అపోహ: రంగుల 'మాయాబజార్' చూస్తే అసలుది చూసినట్టే

కాదు. రంగులద్దింది మన హైదరాబాద్ సంస్థే, 2010లో విడుదలైంది. ఆ శ్రమని గౌరవిస్తాను. కానీ అందులో కొన్ని పాటలు, పద్యాలు లేవు. పైగా కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే వెలుగునీడలు పేర్చింది నలుపు తెలుపు కోసం. 'లాహిరి లాహిరి' వెన్నెల ఆ నలుపు తెలుపులోనే చూడాలి. పిల్లలకి రంగుల్లో చూపించి అలవాటు చేస్తే చేయండి, మీరు మాత్రం పాతది చూడండి.

అపోహ: ఆమె చివరి రోజుల గురించి ఫార్వర్డ్ అయ్యేవన్నీ నిజాలే

ఫలానా నర్సు చెప్పిందనీ, ఫలానా డ్రైవరు చూశాడనీ తిరిగే కథలు పంపి నన్ను నిజమా కాదా అని అడగకండి. 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూసింది. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు 'పాతాళ భైరవి'లో ఒక నాట్యంలో కనిపించిన పిల్ల, రెండేళ్ళకే 'దేవదాసు'లో పార్వతి అయింది. ఈ రెండేళ్ళలో ఏం నేర్చుకుందో చెప్పే మెసేజ్ ఒక్కటీ నాకింతవరకూ రాలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తెరమీద సావిత్రి పాడినట్టు కనిపించే పాటలు పాడింది ఆమె కాదు. ఎక్కువగా లీల, సుశీల. ఆమె నటి మాత్రమే కాదు, 'చిన్నారి పాపలు' (1968)కి దర్శకురాలు కూడా. ఎన్టీఆర్, ఏఎన్నార్ పక్కన అలంకారం అనేవాళ్ళకి 'గుండమ్మ కథ', 'మూగ మనసులు' చూడమని చెప్పడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకి: ముందు 'మిస్సమ్మ', తర్వాత 'మాయాబజార్', ఆ తర్వాత 'గుండమ్మ కథ'. 'మూగ మనసులు' నాలుగోది. చివర్లో ఏడుపు తప్పదు కాబట్టి దాన్ని మనసు కుదుటపడ్డ రోజు పెట్టుకోండి. 'దేవదాసు' ఇంకా తర్వాత, అదీ పార్వతి కోసం.