విత్తనం వేళకు నీరు: లద్దాఖ్ మంచు స్తూపాల వెనుక కథ

ప్రతి చలికాలం లద్దాఖ్ నుంచి 'మంచు స్తూపాలు' అనే మంచు గోపురాల ఫొటోలు వస్తాయి. చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ వాటిని కట్టేది, ఏప్రిల్, మే నెలల్లో బార్లీ విత్తుకోవడానికి నీళ్లుండాలని.

అక్కడ ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కరువు జిల్లాగా పేరుపడ్డ మన అనంతపురంలో పడేదాంట్లో ఐదో వంతు. సేద్యమంతా కొండల మీది మంచు కరిగి వచ్చే నీటి మీదే. వేసవి చిన్నది కాబట్టి విత్తు ఆలస్యమైతే గింజ ముదరకముందే చలి వచ్చిపడుతుంది. పెద్ద హిమానీనదాలేమో 5,000 మీటర్లకు పైన ఉన్నాయి. అవి బాగా కరిగేసరికి జూన్ వస్తుంది. విత్తనాల వేళ నీటి ఎద్దడి అక్కడ పాతదే. కింది ఎత్తుల్లో మంచు తరిగిపోయేకొద్దీ అది ముదిరింది. కులుం లాంటి ఊరు నీళ్లు లేక ఖాళీ అయింది.

ఉన్న కాస్త నీటినీ పంచుకోవడానికి ఊళ్లలో ఎప్పటినుంచో ఒక కట్టుబాటు ఉంది. మన చెరువుల కింద నీరుగంటి ఎలాగో, అక్కడ నీటిని పంచే చుర్పోన్ అలాగ. రాత్రి పారే నీటిని 'జింగ్' అనే చిన్న చెరువులో నిలిపి, పొద్దున్నే వదులుతారు. కాలువకు అడ్డంగా పెట్టిన రాళ్లు, మట్టిపెళ్లలు తీస్తే ఒక మడికి నీరు. మళ్లీ మూస్తే పక్క మడికి. తర్వాత వచ్చిన కొత్త పద్ధతులన్నీ ఈ పునాది మీద నిలబడ్డవే అని నా నమ్మకం.

చెవాంగ్ నోర్ఫెల్ ప్రభుత్వ సివిల్ ఇంజనీరు. చలికాలంలో పైపులు పగలకుండా అక్కడ కుళాయిలు తిప్పి వదిలేస్తారు. అలా వృథాగా పోయే నీళ్లలో, చెట్ల నీడన మెల్లగా కదిలేవి గడ్డకట్టడం ఆయన గమనించారు. 1987లో ఫుక్ట్సే ఊరి పైన, నీడ పడే లోయలో వాగు నీటిని మళ్లించి, వరసగా రాతి గోడలు కట్టారు. నీరు నెమ్మదించి పొరలు పొరలుగా మంచయింది. అసలు హిమానీనదం కన్నా కిందికి, ఊరికి దగ్గరగా ఉంది కాబట్టి ముందే కరిగింది. 2015లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అయితే దానికి నీడ, ఎత్తు రెండూ కావాలి. పరుచుకున్న మంచు ఎండకు త్వరగా పోతుంది. అదే మంచును శంకువులా నిలబెడితే ఎండ తగిలే మేర తగ్గుతుందని లద్దాఖ్‌కే చెందిన ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ ఆలోచించారు. పై నుంచి పైపు వేస్తే నీరు తన బరువుతోనే కింద ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది, మోటారు అక్కర్లేదు. ఆ తుంపర్లు గాల్లోనే చల్లబడి, పడ్డచోట గడ్డకడతాయి. 2013లో చిన్నది కట్టి చూశారు. తర్వాతి చలికాలం ఫ్యాంగ్ ఊళ్లో కట్టిన పెద్దది జూలై దాకా నిలిచింది.

మారిన వాతావరణం నీటి కొరతతో ఆగలేదు. 2010 ఆగస్టులో లద్దాఖ్ ముఖ్యపట్టణం లేహ్ మీద కుంభవృష్టి కురిసింది. వాన ఎరగని నేలలో మట్టి ఇళ్లు బురదలో కొట్టుకుపోయి, 200 మందికి పైగా చనిపోయారు. మరోపక్క, 2018లో వచ్చిన పర్యాటకులు 3 లక్షలు దాటారు. లేహ్ జిల్లా జనాభాకు అది రెట్టింపు కన్నా ఎక్కువ. హోటళ్ల కోసం బోర్లు దిగాయి, కుర్రవాళ్లు పనుల కోసం లేహ్‌కి చేరారు. స్తూపానికి నీరు తెచ్చే పైపు మాత్రం చలికి లోపల నీరు గడ్డకట్టి తరచూ మూసుకుపోతుంది. దాన్ని బాగుచేయడానికి గడ్డకట్టే చలిలో కొండెక్కాల్సింది ఊళ్లో మిగిలినవాళ్లే.