రుచి చూడలేని రెండు నిమిషాలు

రాజాం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మాది ఎనిమిదేళ్ల నాటి పెట్రోలు కారు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణుకుతుంది, ఆగిపోబోయి మళ్లీ అందుకుంటుంది. రెండు నిమిషాలయ్యాక ఏమీ జరగనట్టు నున్నగా తిరుగుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి జబ్బు మాయం. ఏమిటిది?"

జవాబు సగం ఈ ప్రశ్నలోనే ఉంది. వణుకు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు అది ఎందుకు మాయమవుతోందో తెలియాలి.

సిలిండర్లు, పిస్టన్ల పాఠం వదిలేద్దాం. పెట్రోలు ద్రవంగా ఉండగా మండదు, ఆవిరైతేనే మండుతుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఒకే పదార్థం కాదు. అందులో కొన్ని భాగాలు 35 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కొన్నిటికి 200 డిగ్రీల దాకా వేడి కావాలి. చల్లటి ఇంజిన్‌లో ఆ బరువైన భాగాలు ఆవిరి కాకుండా, గాలి వెళ్లే దారిలో గోడలకు తడిగా అంటుకుపోతాయి. అందుకే చలిలో కారులోని కంప్యూటర్ కావాలనే పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది.

ఎంత ఎక్కువ పోయాలో దానికి ఎలా తెలుస్తుంది? పెళ్లి వంటవాడిని తలచుకోండి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ అతని నాలుక. పొగలో ఆక్సిజన్ మిగిలితే ఉప్పు చాలలేదని, మిగలకపోతే ఎక్కువైందని చెబుతుంది. ఇక్కడ ఉప్పంటే పెట్రోలే. కంప్యూటర్ దాన్ని క్షణక్షణం సరిచేస్తూ ఉంటుంది. కానీ ఆ సెన్సార్‌లోని జిర్కోనియా అనే పింగాణీ పదార్థం సుమారు 300 డిగ్రీలు దాటితే గానీ పనిచేయదు. దానికి సొంత హీటర్ ఉన్నా కొంతసేపు పడుతుంది. అంతవరకు వంటవాడు రుచి చూడలేడు, విస్తళ్ల లెక్క అడిగి కొలత ప్రకారం ఉప్పు వేయాల్సిందే. ఆ లెక్క చెప్పేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సార్. లెక్క తప్పు చెప్పినా, ఎవరో చాటుగా గుండిగలో నీళ్లు పోసినా సాంబారు చెడుతుంది. నాలుక పనిచేయగానే అతను దాన్ని దిద్దేస్తాడు. మెకానిక్ రుచి చూసేది ఆ దిద్దిన సాంబారునే! లోపం అలాగే ఉంటుంది, దిద్దుబాటు దాన్ని కప్పేస్తుంది.

విస్తళ్ల లెక్క ఎలా తప్పుతుందో చూడండి. ఆ సెన్సార్ ఒక థర్మిస్టర్, అంటే వేడిని బట్టి నిరోధం మారే అర్ధవాహకం. వేడికి అర్ధవాహకాల నిరోధం తగ్గుతుందని ఇంటర్ పిల్లలు రెండు మార్కుల కోసం చదువుతారు. మాస్టారు వాళ్లను ఒక కారు దగ్గరికి తీసుకెళ్లి, మల్టీమీటరు చేతికిచ్చి ఆ వాక్యాన్ని కొలిపిస్తే ఎంత బాగుంటుంది! చాలా కార్లలో ఈ నిరోధం 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 320. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో గాలికి ఉప్పు ఉంటుంది. కనెక్టర్ సీలు చిరిగి, ఉప్పు తేమ రెండు పిన్నుల మధ్య చేరి, సమాంతరంగా మరో 2,500 ఓముల దారి తెరిచిందనుకుందాం. చలిలో రెండూ కలిసి 1,250 అవుతాయి, కంప్యూటర్‌కు అది దాదాపు 38 డిగ్రీలు. ఇంజిన్ వెచ్చగా ఉందనుకొని అది పెట్రోలు తగ్గిస్తుంది, ఇంజిన్ వణుకుతుంది. వేడెక్కాక 320, 2,500 సమాంతరంగా కలిస్తే 284. ఉష్ణోగ్రతలో తేడా నాలుగు డిగ్రీలే. అదే లీకేజీ, చలిలో మాత్రమే బయటపడుతుంది. పైగా 38 డిగ్రీలు నమ్మదగిన అంకె కాబట్టి చెక్ ఇంజిన్ దీపం కూడా వెలగకపోవచ్చు.

కాబట్టి కారును సాయంత్రమే షెడ్డులో వదిలి రండి. ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ మాత్రం చేసి, కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే ఓబీడీ స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతను, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కన చూడమనండి. రాత్రంతా కదలని కారులో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. గాలి 18, కూలెంట్ 38 అని చూపిస్తే దొంగ దొరికినట్టే. కనెక్టర్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి ఆరబెట్టాలి. అప్పటికీ మారకపోతే సెన్సార్ మార్చాలి.

రెండూ సమానంగా ఉంటే, ఇక నీళ్లు పోస్తున్నవాడిని, అంటే లెక్కలోకి రాని గాలిని లోపలికి వదిలే సందును వెతకాలి. పగిలిన వాక్యూమ్ గొట్టమో, గట్టిపడిన గాస్కెట్టో చలికి ముడుచుకొని సందు ఇస్తుంది, వేడికి ఉబ్బి మూసుకుంటుంది. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ, అందులో ఆ దొంగ గాలి వాటా పెద్దది. లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కార్లలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం దిద్దుతోందో చెప్పే అంకె) ఐడిల్‌లో +20 శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర +5కు దిగితే గాలి లీకేజీనే అనుమానించాలి. రెండు చోట్లా ఎక్కువే ఉంటే పెట్రోలు పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్ల వంతు. దానికి బదులు మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల) పీడనం కొలిచే కార్లలో ఇది ఇంత స్పష్టంగా కనబడదు, అక్కడ ఐడిల్ వేగం పెరగడాన్ని గమనించాలి. అరిగిన స్పార్క్ ప్లగ్గులు, థ్రాటిల్‌లో మసి వెతకడం చవకైన పని, అవి ముందే చూసేయండి.

పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర కొత్త కారుకు పూజ చేయించి నిమ్మకాయలు తొక్కిస్తే ఇంజిన్‌కు ఏ నష్టమూ లేదు. నష్టం చేసే నమ్మకం మరొకటి ఉంది: "మనది వేడి ప్రాంతం, థర్మోస్టాట్ ఎందుకు?" అని దాన్ని పీకి పారేయడం. సుమారు 82 లేదా 88 డిగ్రీల దగ్గర లోపలి మైనం కరిగి ఉబ్బి తెరుచుకొనే వాల్వ్ అది. అది లేకపోతే కూలెంట్ మొదటి నుంచే రేడియేటర్‌కు పోతుంది, ఇంజిన్ త్వరగా వేడెక్కదు, కంప్యూటర్ చలి కొలతతోనే పెట్రోలు పోస్తూ ఉంటుంది. కారు కొన్నాక ఎవరైనా దాన్ని తీసేశారేమో అడిగి తెలుసుకోండి.

మరమ్మతు అయ్యాక ఒక జాగ్రత్త. నిన్నటి సాంబారులో ఉప్పు చాలలేదని ఈ వంటవాడు గుర్తుపెట్టుకొని, ఇవాళ ముందే మరికొంత వేస్తాడు. పాత లోపానికి అలవాటుపడి దాచుకున్న ఆ దిద్దుబాటును స్కానర్‌తో చెరిపించాలి, లేదా కొన్నాళ్లు కారు నడిపి అదే కొత్తగా నేర్చుకునే వీలివ్వాలి. మర్నాడు ఉదయం కాస్త వణుకు మిగిలిందని వెంటనే మరో భాగం కొనకండి.