ఒకసారి అమ్మాక పెత్తనం ఎవరిది? యూరప్ కోర్టులో అరవై ఏళ్ల పంచాయితీ

జర్మనీలో ఉండే మనవాళ్లు మెడికల్ షాపులో మందు కొన్నప్పుడు ఒక్కోసారి గమనించే ఉంటారు. డబ్బా మీద జర్మన్‌లో స్టిక్కర్ ఉంటుంది, గోటితో దాని అంచు కాస్త లేపి చూస్తే కింద ఇంకేదో దేశం భాష. నకిలీ సరుకేమోనని టెన్షన్ పడక్కర్లేదు. అదే కంపెనీ, అదే మాత్ర. కంపెనీ దాన్ని చవగ్గా అమ్మే దేశంలో ఎవరో వ్యాపారి కొని, ఖరీదుగా అమ్మే దేశానికి మోసుకొచ్చాడు, అంతే. దీన్ని సమాంతర దిగుమతి అంటారు. కంపెనీలకు ఇది ఒళ్లుమంట.

గొడవకు మూలం ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన 1957 నాటి రోమ్ ఒప్పందంలోనే ఉంది. సభ్యదేశాల మధ్య సరుకుల దిగుమతికి అడ్డంకులు ఉండకూడదని 30వ ఆర్టికల్ చెప్పింది. పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల లాంటి వాటిని కాపాడుకోడానికైతే అడ్డుకోవచ్చని 36వ ఆర్టికల్ మినహాయింపు ఇచ్చింది. పేటెంటేమో ఏ దేశానికి ఆ దేశం ఇచ్చేది. అంటే సరిహద్దుల్లో కస్టమ్స్ గేట్లు ఎత్తేసినా, ప్రతి దేశంలో పేటెంట్ చేతిలో పెట్టుకున్న కంపెనీ తానే ఒక గేటు వేసుకుని కూర్చోవచ్చు.

మొదటి పెద్ద కేసు గ్రుండిగ్‌ది. జర్మనీకి చెందిన ఈ రేడియోల, టీవీల కంపెనీ ఫ్రాన్స్‌లో అమ్మకాలన్నీ కాన్‌స్టెన్ అనే సంస్థకే రాసిచ్చింది. అది చాలదన్నట్టు 'గింట్' అనే ట్రేడ్‌మార్క్‌ను ఫ్రాన్స్‌లో కాన్‌స్టెన్ పేరు మీదే రిజిస్టర్ చేయించింది, వేరేవాళ్లు జర్మనీలో కొని తెచ్చి అమ్మితే కోర్టుకీడ్చడానికి. యూనెఫ్ అనే సంస్థ సరిగ్గా ఆ పనే చేసింది. 1966లో యూరప్ కోర్టు ఏం చెప్పిందంటే, హక్కు నీదే, దాన్ని మేం ముట్టుకోం, కానీ మార్కెట్‌ను ముక్కలు చేయడానికి దాన్ని వాడతానంటే కుదరదు. హక్కు ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం వేరు అన్న ఈ విడదీత ఒప్పందంలో ఎక్కడా కనిపించదు. కోర్టు తన తెలివితో పుట్టించుకున్నదే అని నా అభిప్రాయం.

అయితే గ్రుండిగ్ కేసులో రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి, సంస్థలు కుమ్మక్కై పోటీని దెబ్బతీయకుండా చూసే పోటీ చట్టంతో పట్టుకోగలిగారు. ఒప్పందమే లేకపోతే? 1971లో డాయిచ్ గ్రామఫోన్ కేసులో ఈ ప్రశ్న వచ్చింది. ఆ కంపెనీ తన ఫ్రెంచ్ అనుబంధ సంస్థకు పంపిన రికార్డులు చేతులు మారి మళ్లీ జర్మనీకే వచ్చాయి, మెట్రో అనే దుకాణాల సంస్థ వాటిని తక్కువ ధరకు అమ్మింది. ఈసారి కోర్టు నేరుగా సరుకుల స్వేచ్ఛ నియమాన్నే పట్టుకుంది: నీ సమ్మతితో ఒక సభ్యదేశంలో అమ్ముడైన వస్తువును ఇంకో సభ్యదేశంలో ఆపలేవు. మొదటి అమ్మకంతోనే ఆ హక్కు ఖర్చయిపోయింది.

1974లో ఇదే సూత్రం మందులకు వచ్చింది, అసలు డబ్బు ఉన్నది అక్కడే మరి. స్టెర్లింగ్ డ్రగ్‌కు చెందిన నెగ్రామ్ అనే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ మందు ఇంగ్లండ్‌లో దాదాపు సగం ధరకే దొరికేది. సెంట్రాఫార్మ్ అనే డచ్ సంస్థ అక్కడ కొని నెదర్లాండ్స్‌లో అమ్మింది. ధర తక్కువుంది ప్రభుత్వ నియంత్రణ వల్ల కదా, మా తప్పేముంది అని కంపెనీ వాదన. న్యాయమైన మాటే, కానీ కోర్టు వినలేదు.

ఆ తర్వాతంతా 'సమ్మతి' అనే ఒక్క మాట చుట్టూ తిరిగింది. మందులకు పేటెంటే ఇవ్వని రోజుల ఇటలీలో మెర్క్ కంపెనీ తన మందు అమ్ముకుంటే, అమ్మింది నువ్వే కదా, ఫలితం నువ్వే భరించు అన్నారు (1981). బలవంతపు లైసెన్సుతో, అంటే పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే అనుమతితో, వేరేవాళ్లు తయారుచేస్తే మాత్రం సమ్మతి లేదు కాబట్టి ఆపొచ్చన్నారు (1985). ఈ మాట పట్టించుకోకుండా కోర్టు బోల్తా పడింది హాగ్ కాఫీ కేసులో. బ్రెమెన్‌లోని హాగ్‌కు బెల్జియంలో ఉన్న అనుబంధ సంస్థను రెండో ప్రపంచయుద్ధం తర్వాత శత్రువుల ఆస్తి కింద లాగేసుకున్నారు, దాంతో ఒకే పేరుకు ఇద్దరు యజమానులయ్యారు. మూలం ఒకటే కాబట్టి ఒకరినొకరు ఆపుకోలేరని 1974లో తీర్పు. లాక్కున్నదాంట్లో సమ్మతి ఎక్కడిది? 1990లో కోర్టు పాత తీర్పును పునఃపరిశీలించాల్సిందేనని బాహాటంగా చెప్పి మాట మార్చుకుంది. కోర్టులు ఇలా ఒప్పుకోవడం అరుదు.

లోపల ఇంత ఉదారంగా ఉన్న కోర్టు బయటివాళ్లకు తలుపేసింది. ఆస్ట్రియా కంపెనీ సిల్హౌట్ ఫ్యాషన్ పోయిన 21,000 కళ్లజోళ్ల ఫ్రేములను 1995లో బల్గేరియా సంస్థకు అమ్మింది. అప్పటికి బల్గేరియా యూనియన్‌లో లేదు. అవి తిరిగొచ్చి ఆస్ట్రియాలోనే హార్ట్‌లావర్ షాపుల్లో తేలాయి. బయట అమ్మితే హక్కు ఖర్చవదు, ఆపొచ్చు అని 1998లో తీర్పు. 2001లో బ్రిటన్ సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో బయటి దేశాల నుంచి తెచ్చిన లీవైస్ జీన్స్‌కూ ఇదే గతి పట్టింది. కొనేవాడికి చవగ్గా దొరకాలన్న ఆదుర్దా సరిహద్దు దాటగానే ఏమైపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బ్రిటన్ విడిపోయాక, 2021 జనవరి నుంచి లెక్క ఇంకా వింతగా తయారైంది. యూరప్‌లో అమ్మిన సరుకును బ్రిటన్ ఇప్పటికీ రానిస్తోంది. బ్రిటన్‌లో మొదట అమ్మిన సరుకును మాత్రం హక్కుదారు యూరప్‌లోకి రాకుండా ఆపొచ్చు. సెంట్రాఫార్మ్ నెగ్రామ్ డబ్బాలు తెచ్చిన దారి మూసుకుపోయింది, ఎదురుదారి తెరిచే ఉంది.