ఏరివేసే అధికారం ఎవరిది?

ఏఐతో రాయించిన జవాబులను, గీయించిన బొమ్మలను ఆన్‌లైన్ సమూహాల్లో పెట్టనివ్వాలా వద్దా అన్న తగవు మళ్లీ రాజుకుంది. చాట్‌జీపీటీ ఎలా వచ్చింది, ఎంత వేగంగా పాకింది అన్నవి అందరికీ తెలిసినవే. ఈ తగవు ఇవాళ్టి రూపం తీసుకున్నది మాత్రం 2023 మే నెలాఖరులో, ప్రోగ్రామర్లు ఒకరి చిక్కుముడులు ఒకరు విప్పుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో.

అక్కడ ఏఐ జవాబులపై తాత్కాలిక నిషేధం అప్పటికే ఉంది. చాట్‌జీపీటీ విడుదలైన అయిదు రోజులకే, 2022 డిసెంబరు 5న పెట్టారు. యంత్రం మీద కోపంతో కాదు. ఆ జవాబులు చూపుకు నిండుగా ఉండేవి, చదివితే చాలావరకు తప్పులు. రాయించడానికి క్షణాలు చాలు. తప్పని తేల్చడానికి విషయం తెలిసిన మనిషి కూర్చోవాలి. అలాంటివి వేలల్లో వచ్చిపడ్డాయి. వాటిని ఏరేది జీతం భత్యం లేని మోడరేటర్లు.

అయిదారు నెలల తర్వాత సైట్‌ను నడిపే కంపెనీ వారి చేతులు కట్టేసింది. ఏఐ రాసిందన్న అనుమానం మీద జవాబులు తొలగించడం, ఖాతాలు నిలిపివేయడం దాదాపుగా మానేయమంది. ఏఐ రాతను గుర్తించే సాధనాలు నమ్మదగ్గవి కావని, నిర్దోషులు బలవుతున్నారని దాని వాదన. అందులో పస లేకపోలేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సొంత సాధనమే ఏఐ రాతల్లో 26 శాతాన్ని పట్టుకుని, మనుషుల రాతల్లో 9 శాతాన్ని ఏఐవిగా పొరబడింది. ఆ జులైలో దాన్ని ఉపసంహరించుకున్నారు కూడా.

కానీ తాము ఆ సాధనాలనే నమ్ముకుని తీర్పులివ్వలేదన్నది మోడరేటర్ల జవాబు. ఒకే ఖాతా నుంచి నిమిషాల తేడాతో పొడవాటి జవాబులు వరుసగా పడుతుంటే అనుమానించడానికి యంత్రం సాయం కావాలా? వారిని ఇంకా మండించింది మరొకటి. తమకు లోలోపల ఇచ్చిన ఆదేశం ఒకటి, బయట ప్రకటించింది ఇంకొకటి అన్నారు. లోపలిదే కఠినం, దాన్ని బయటపెట్టే వీలూ లేదు.

జూన్ 5న సమ్మెకు దిగారు. జీతమే లేని పనికి సమ్మె ఏమిటనిపించవచ్చు. ఏరివేత పని మానేయడమే ఆ సమ్మె. స్పామ్‌ను పసిగట్టే స్మోక్ డిటెక్టర్ అనే బాట్‌ను (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్‌ను) కూడా దాన్ని నడిపే స్వచ్ఛంద కార్యకర్తలు ఆపేశారు. ఆగస్టులో రాజీ కుదిరింది: ఏ ఆనవాళ్లు చూసి తొలగించవచ్చో ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. మోడరేటర్లు మొదటి నుంచీ అడిగింది దాదాపు అదే.

(చిత్రకారుల గొడవ ఇంకాస్త పాతది. 2022 డిసెంబరులో ఏఐ వద్దంటూ ఒకే బొమ్మను అందరూ పెట్టి చిత్రకారులు తమ బొమ్మలు ప్రదర్శించుకునే ఆర్ట్‌స్టేషన్ సైట్ మొదటి పేజీని నింపేశారు. అది ప్రధానంగా తమ బొమ్మలతో యంత్రానికి శిక్షణ ఇవ్వడం మీద పోరు; దీనితో కలిపితే రెండూ అర్థం కావు.)

2024 మేలో స్టాక్ ఓవర్‌ఫ్లో తన సైట్‌లోని జవాబులను ఓపెన్‌ఏఐకి అందించే భాగస్వామ్యం ప్రకటించింది. నిరసనగా కొందరు తమ పాత జవాబులను తుడిచేయబోతే వాటిని మళ్లీ యథాస్థానంలో పెట్టి, ఆ ఖాతాలను కొద్దిరోజులు నిలిపివేశారు. ఖాతాలు నిలిపివేయడానికి ఈసారి తటపటాయింపు కనిపించలేదు.

ఇంగ్లిష్ వికీపీడియా మరో దారి పట్టింది. పరిశీలన లేకుండా పెట్టిన ఏఐ వ్యాసాలను చర్చతో పనిలేకుండా తొలగించే నియమాన్ని 2025 ఆగస్టులో అక్కడి సంపాదకులే తెచ్చుకున్నారు. వారు చూసేది గుర్తింపు సాధనం ఇచ్చే మార్కులను కాదు: వ్యాసంలో మిగిలిపోయిన చాట్‌బాట్ పలకరింపులను, ఆధారాలుగా చూపిన, ఎక్కడా లేని పుస్తకాలను.