ప్రోస్టేట్ క్యాన్సర్ అనగానే ఆపరేషనేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: క్యాన్సర్ బయటపడ్డాక ఆగడమంటే ప్రాణాలతో చెలగాటమే.

వాస్తవం: యూరాలజీ ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. డెబ్బై దాటిన పెద్దాయన బయాప్సీ రిపోర్టుతో వస్తారు. కుర్చీలో కూర్చోకముందే కొడుకు, "డాక్టరుగారూ, ఎప్పుడు తీసేస్తారు?" అని అడుగుతాడు. రిపోర్టులో గ్లీసన్ 3+3=6, గ్రేడ్ గ్రూప్ 1 అని ఉంటుంది. క్యాన్సర్ దూకుడును కొలిచే గ్లీసన్ స్కోరులో ఇది అతి తక్కువ ముప్పు ఉన్న స్థాయి. ఇంటిల్లిపాదీ క్యాన్సర్ అన్న మాట దగ్గరే ఆగిపోయి ఉంటారు కాబట్టి ఆ అంకెను ఎవరూ పట్టించుకుని ఉండరు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ భయాన్ని పెంచి పోషించే వదంతుల మీదే నా కోపమంతా.

గ్లీసన్ 6 చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఇతర అవయవాలకు పాకడం అత్యంత అరుదు. వేరే కారణాలతో చనిపోయిన వృద్ధుల శవపరీక్షల్లో, బతికుండగా ఏ బాధా పెట్టని ప్రోస్టేట్ క్యాన్సర్ ఎందరిలోనో కనిపించింది.

బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో 1,643 మందిని పర్యవేక్షణ, ఆపరేషన్, రేడియేషన్ అని మూడు వర్గాలు చేశారు. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో మరణించినవారు పర్యవేక్షణలో 3.1 శాతం, ఆపరేషన్‌లో 2.2, రేడియేషన్‌లో 2.9. వ్యాధి వేరేచోటికి పాకడం మాత్రం పర్యవేక్షణ వర్గంలో దాదాపు రెట్టింపు, 9.4 శాతం. ఇది దాచాల్సిన సంగతి కాదు. అయితే ఆ వర్గంలో గ్లీసన్ 7, అంతకు పైబడినవారూ ఉన్నారు. పైగా అప్పటి పర్యవేక్షణ ప్రధానంగా పీఎస్ఏ అనే రక్తపరీక్ష మీదే నడిచింది. ఇప్పుడు ఎమ్మారై, మళ్లీ బయాప్సీ తోడయ్యాయి.

తొందరపాటుకు చెల్లించే మూల్యం గురించి మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆపరేషన్ తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన పోవడం, రేడియేషన్ తర్వాత మలద్వారం నుంచి రక్తం పడటం. మరోచోట ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన మూత్రం కారే సమస్యతో నా దగ్గరకు వచ్చారు. ప్రయాణమంటే బెదిరి బంధువుల ఇళ్లకు వెళ్లడమే మానేశారు. "పోనీలెండి, క్యాన్సర్ పోయింది కదా" అన్నారు. ఆయన పాత రిపోర్టు నా చేతిలోనే ఉంది. గ్లీసన్ 6. నాకు నోరు పెగల్లేదు.

అపోహ: యాక్టివ్ సర్వైలెన్స్ (వెంటనే చికిత్స చేయకుండా క్రమం తప్పక పర్యవేక్షించడం) అంటే గాలికి వదిలేయడం.

వాస్తవం: కాదు. సాధారణంగా ఆరు నెలలకోసారి పీఎస్ఏ, ఏడాదికోసారి మలద్వారం ద్వారా వేలితో ప్రోస్టేట్ పరీక్ష, మధ్యలో ఎమ్మారై, నిర్ణీత వ్యవధిలో మళ్లీ బయాప్సీ ఉంటాయి. గ్రేడ్ పెరిగితే నయం చేసే చికిత్సకు మారతాం. ప్రొటెక్ట్‌లో పర్యవేక్షణతో మొదలైనవారిలో సుమారు 61 శాతం కాలక్రమంలో చికిత్సకు మారారు. దాదాపు నాలుగో వంతు మంది 15 ఏళ్ల తర్వాత ఏ చికిత్సా లేకుండానే జీవించి ఉన్నారు. గుండె జబ్బులాంటి తీవ్ర సమస్యలున్న బాగా వృద్ధులకు ఈ బయాప్సీలు కూడా అవసరం ఉండకపోవచ్చు. లక్షణాలు కనిపిస్తేనే వైద్యం చేస్తాం.

ఇదంతా తక్కువ ముప్పు ఉన్న వ్యాధి గురించి. గ్లీసన్ 8 నుంచి 10 వరకు ఉండి మనిషి గట్టిగా ఉంటే, వయసు సాకుతో చికిత్స మానేయడమూ అన్యాయమే. రెండుసార్లు పీఎస్ఏ బాగుందని రావడం మానేసేవారు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

మిగతావి త్వరగా చెబుతాను. పీఎస్ఏ పెరిగితే క్యాన్సరేనా? కాదు, ప్రోస్టేట్ గ్రంథి వాపు, ఇన్ఫెక్షన్ కూడా పెంచుతాయి. ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే ఫినాస్టెరైడ్ వాడితే పీఎస్ఏ విలువ దాదాపు సగానికి తగ్గుతుంది, ఆ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పండి. బయాప్సీ సూదితో క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందా? పాకదు. ఎందుకైనా మంచిదని హార్మోన్ ఇంజెక్షన్? తక్కువ ముప్పు ఉన్నవారికి దానివల్ల మేలు లేదు, ఎముకలు బలహీనపడతాయి.

అన్నీ విన్నాక కూడా నిద్ర పట్టడం లేదని చికిత్సే కోరేవారుంటారు. అది న్యాయమైన కోరికే. కానీ ముందు బయాప్సీ స్లైడ్లను మరో పాథాలజిస్టుకు చూపించండి, ఎమ్మారై చేయించకపోతే చేయించండి, దుష్ప్రభావాల గురించి భార్యాభర్తలిద్దరూ కలిసి అడగండి. గ్లీసన్ 6లో ఇందుకు కొన్ని వారాలు తీసుకున్నా నష్టం లేదు.