ఎరాస్మస్, లూథర్, ‘తీసేసిన’ వచనం: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెలుగు బైబిల్లోంచి త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకం) వచనం కొట్టేశారు.

కొట్టేయలేదు. యోహాను మొదటి పత్రిక 5:7-8ని పాత ఇంగ్లీషు అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిలుతో పోల్చి చూసిన విశ్వాసికి గుండె గుభేలుమంటుంది. ఆ ఇంగ్లీషు బైబిల్లో పరలోకంలో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ సాక్ష్యమిస్తారు. మన బైబిల్ సొసైటీ అనువాదంలో ‘ఆత్మయు, నీళ్లును, రక్తమును’ మాత్రమే ఉంటాయి. ఆ కంగారు అర్థం చేసుకోదగ్గదే. దాన్ని వాట్సాప్‌లో కుట్రగా తిప్పేవాళ్లను మాత్రం క్షమించలేం.

జరిగింది ఇదీ. 1516లో బాసెల్‌లో ఫ్రోబెన్ అచ్చువేసిన, డచ్ పండితుడు ఎరాస్మస్ కూర్చిన గ్రీకు (మూలభాష) కొత్త నిబంధనలో ఆ త్రిత్వం మాటలు లేవు, 1519 రెండో కూర్పులోనూ లేవు. ఆయన చూసిన గ్రీకు రాతప్రతుల్లో ఎక్కడా లేవు కాబట్టి పెట్టలేదు. లాటిన్‌ బైబిల్లో ఉన్నాయి కదా అని ఇంగ్లీషు పండితుడు లీ, స్పెయిన్ పండితుడు స్టూనికా విరుచుకుపడ్డారు. తర్వాత ఇంగ్లండులో ఆ మాటలున్న గ్రీకు ప్రతి ఒకటి బయటికొచ్చింది. అది పాతదేం కాదు, ఆ రోజుల్లో రాసిందే. ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. 1522 మూడో కూర్పులో ఎరాస్మస్ ఆ మాటలు చేర్చాడు, లాటిన్‌ను చూసి ఆ ప్రతిని దిద్దారేమోనన్న అనుమానాన్నీ తన వ్యాఖ్యల్లో రాసిపెట్టాడు. అక్కణ్నుంచి తర్వాతి సంపాదకులు స్టెఫానస్, బేజాల గ్రీకు కూర్పుల మీదుగా 1611 కింగ్ జేమ్స్‌లోకి చేరాయి. ‘ఒక్క ప్రతి చూపిస్తే చేరుస్తానని మాటిచ్చాడు’ అన్న కథకు ఆయన రాతల్లో ఆధారం లేదు.

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ వార్ట్‌బర్గ్ కోటలో అనువదించి, 1522 సెప్టెంబరులో వెలువరించిన జర్మన్ కొత్త నిబంధనకు ఆధారం 1519 కూర్పు. అందుకే ఆయన బతికున్నంతకాలం ఆయన బైబిల్లో ఆ మాటలు లేవు. అంతమాత్రాన లూథర్ త్రిత్వాన్ని నమ్మలేదంటామా? 325 నైసియా, 381 కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ సంఘ సభలు త్రిత్వ సిద్ధాంతాన్ని తేల్చింది కూడా ఈ వచనం మీద కాదు. భయపడాల్సిన పని లేదు.

అపోహ: హ్యూమనిస్టులంతా ప్రొటెస్టెంట్లే.

కాదు. హ్యూమనిస్టులంటే ప్రాచీన గ్రంథాలను మూలభాషల్లో చదవాలన్న పండితులు. వాళ్లలో ఒకడైన ఎరాస్మస్ 1516 కూర్పును అంకితమిచ్చింది పోపు పదో లియోకి. స్వేచ్ఛాచిత్తం (మనిషికి మంచిని ఎంచుకునే శక్తి ఉందా అన్న ప్రశ్న) మీద 1524లో లూథర్‌ను ఖండించాడు, 1525లో లూథర్ ఘాటుగా తిప్పికొట్టాడు. ఇంగ్లండు హ్యూమనిస్టు థామస్ మోర్ పోపు అధికారాన్ని కాదనలేక 1535లో తల పోగొట్టుకున్నాడు.

అపోహ: లూథర్ గ్రీకు చదివాకే తిరగబడ్డాడు.

కాదు. ఆయన తిరుగుబాటుకు మొదలైన 1517 నాటి 95 సిద్ధాంతాల్లో మొదటిది లాటిన్ బైబిలు మాటనే ఎత్తి చూపుతుంది. పశ్చాత్తాపం గురించి తాను అనుకున్నది గ్రీకు తెలిసినవాళ్ల వివరణతో బలపడిందని 1518లో తన గురువు స్టౌపిట్జ్‌కి రాశాడు. అదే ఏడు ఆగస్టులో 21 ఏళ్ల మెలాంక్తన్ గ్రీకు ఆచార్యుడిగా విట్టెన్‌బర్గ్ వచ్చాడు. లూథర్ గ్రీకు గట్టిపడింది ఆయన సాయంతోనే.