ఓడ సిబ్బందికి డ్రగ్ టెస్టులు: అసలు మలుపు 1989 డిసెంబర్

అమెరికా ఓడల్లో సిబ్బందికి డ్రగ్ టెస్టుల మీద రగడ పాతదే. ఈ మాట వచ్చినప్పుడల్లా అందరూ ఎక్సాన్ వాల్డెజ్ నుంచే ఎత్తుకుంటారు. 1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఆ ట్యాంకర్ రాళ్ల మీదికెక్కి చమురు సముద్రం పాలైన సంగతి తెలిసిందే. కానీ అక్కడి వివాదం మద్యం గురించి, డ్రగ్స్ గురించి కాదు. కెప్టెన్ రక్తం తీసేసరికే పది గంటలు దాటింది. తాగి ఓడ నడిపాడన్న ఆరోపణను జ్యూరీ ఒప్పుకోలేదు. పెద్ద ప్రమాదం జరిగితే రెండు గంటల్లో మద్యం పరీక్ష చేయాలని ఇప్పుడు నిబంధన ఉంది.

డ్రగ్ టెస్టుల నిబంధనలను ఓడల భద్రత చూసే అమెరికా కోస్ట్ గార్డ్ అంతకుముందే, 1988 నవంబర్‌లో తెచ్చింది. అసలు మలుపు 1989 డిసెంబర్‌లో వచ్చిందని నా నమ్మకం. వంటగదిలో పనిచేసేవాళ్ల దాకా ఎవరినైనా ర్యాండమ్‌గా పిలిచి పరీక్షించవచ్చన్న నిబంధనను వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు నిలిపేసింది. ఓడ భద్రతకు నేరుగా సంబంధం లేనివాళ్లను అనుమానం కూడా లేకుండా ఎందుకు పరీక్షించాలన్నదే ప్రశ్న. దాంతో కోస్ట్ గార్డ్ 1991లో నిబంధనను తిరగరాసి, భద్రతకు సంబంధించిన పనులు చేసేవాళ్లకే పరిమితం చేసింది.

అంటే పరీక్షకు ఆధారం మనిషి చేసే పని. అయితే మూత్ర పరీక్షకు పని వేళలతో సంబంధం లేదు. గంజాయి మత్తు దిగిపోయినా దాని ఆనవాళ్లు రోజుల తరబడి, అలవాటున్నవాళ్లలో వారాల తరబడి మూత్రంలో కనిపిస్తాయి. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రంలో సెలవు గడిపి వచ్చిన నావికుడైనా పాజిటివ్ వస్తే వెంటనే డ్యూటీ నుంచి దిగిపోవాల్సిందే, లైసెన్సుకూ ముప్పే.

పరీక్ష ఎలా జరుగుతుందో చూస్తే ఆ బాధ అర్థమవుతుంది. మూత్రంలో ఆ నీళ్లు కలపకుండా టాయిలెట్ నీళ్లలో నీలిరంగు కలుపుతారు. మూత్రం పట్టిన కప్పును తిరిగి ఇచ్చిన నాలుగు నిమిషాల్లోపు దాని వేడి చూస్తారు, 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. రెండు సీసాల్లో పోసి, సీళ్ల మీద అతని చేతే పొడి అక్షరాలు వేయిస్తారు. ఏ తప్పూ చేయని మనిషికి కూడా ఇది దొంగను సోదా చేసినట్టే ఉంటుంది.

నడిసముద్రంలో మనిషికి మనిషి దొరకడు, భయం ఉండాల్సిందేనని యాజమాన్యాలు అంటాయి. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ నావికుల శిక్షణ, డ్యూటీ ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ ఒప్పందం కూడా 2010 మనీలా సవరణల్లో మద్యానికే 0.05 శాతం అని అంకె పెట్టింది, డ్రగ్స్‌కు అలాంటి హద్దు పెట్టలేదు.

2023లో అమెరికా రవాణా శాఖ లాలాజల పరీక్షకు దారి తెరిచింది. అది ఇటీవలి వాడకాన్నే పట్టుకుంటుంది. నావికులు కోరుకోదగ్గ మార్పు ఇదే. అయితే కనీసం రెండు ల్యాబులకు ప్రభుత్వ గుర్తింపు వచ్చాకే అది మొదలవ్వాలని అదే నిబంధనలో రాసి ఉంది.